గాజు కన్ను పాసయింది

జైనూరు,
జూలై, అంగడి మరునాడు.

సిరిసిల్ల పట్టణంలో తెలుగు పాఠములు చెప్పునట్టి, ఎర్ర ఇంకు పెన్నుకు ఏకైక హక్కుదారు అయినట్టి మా అక్క హర్షిణి గారి సముఖమునకు,

అడవిపాలైన తమ్ముడు ప్రణయ్ వంగి వంగి దండాలు పెట్టి రాయునది ఏమనగా: ఇక్కడ నేను బతికే ఉన్నాను. అక్కడ మనల్ని కన్న అవ్వ బీడీలు చుడుతూ, ఆకుకొకసారి నన్ను తిడుతూ ఆరోగ్యంగా ఉందని తలుస్తున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నువ్వు అడగవు. ఇది బాపు ఆర్డరు. "ఫోన్ల మాట గాలికి వోతది బిడ్డా. కాయితం మీదిదైతే అక్కతోని మళ్ళ మళ్ళ సదివించుకుంట" అని బస్సెక్కించేటప్పుడు చెప్పాడు కదా. పైగా ఇక్కడ సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. గుట్ట మీద సిగ్నల్ కన్నా ముందు ఎలుగుబంటి దొరుకుతుందని మా సూపర్‌వైజర్ కొమురెల్లి సారు హామీ ఇచ్చాడు. కాబట్టి దీన్ని బాపుకు గట్టిగా చదివి వినిపించు. నవ్వాల్సిన చోట ఆగు. ఆగకపోతే బాపుకు తెలియదు, నవ్వు వృథా అవుతుంది.

ఇక నా ఉద్యోగ వైభవం. నా చేతిలో ఒక కెమెరా, ఒక ట్యాబు. కెమెరా కంటి లోపలి పొరను ఫోటో తీస్తుంది. ట్యాబులోని కృత్రిమ మేధ ఆ ఫోటో చూసి, షుగర్ వల్ల కన్ను పాడయిందో లేదో చెబుతుంది. దానికి నేను 'పెట్టెసారు' అని నామకరణం చేశాను. పెట్టెసారు చాయ్ తాగడు, సెలవు పెట్టడు, 'ఏమైందవ్వా' అని అడగడు. ఎదురుగా పెట్టిన ఫోటో చూస్తాడు, ఉన్నది చెబుతాడు. బాగుంటే ఆకుపచ్చ టిక్కు. పాడైతే ఎర్ర గుర్తు. ఫోటో సరిగ్గా రాకపోతే 'మసక' అంటాడు. మసక వచ్చినవాళ్ళను కూడా పెద్దాసుపత్రికి పంపాలని రూలు.

రూలు రాసినాయన జైనూరు అంగడికి ఎప్పుడూ రాలేదు. ఇక్కడ ముసలివాళ్ళ కండ్లలో మోతిబిందు, తెల్ల పొరలు. కన్ను తెరవమంటే నోరు తెరుస్తారు. మసక మీద మసక. మసకలు పెరిగితే పైనుంచి కొమురెల్లి సారుకు ఫోన్: "మీ పోరగాండ్లకు ఫోటో తీసుడు రాదా?" అని. ఆసుపత్రికి పొమ్మంటే ఆదిలాబాద్ దాకా ఎవరూ పోరు. పోనందుకు మళ్ళీ మాకే ఫోన్.

దీనికి పరిష్కారం, సవినయంగా మనవి చేసుకుంటున్నాను, నా కన్ను. కరీంనగర్ ట్రైనింగులో మాదిరి ఫోటో కోసం అందరి కండ్లూ తీసి చూశారు. నా ఎడమ కన్ను ఫస్టు వచ్చింది. అడుగున ఒక నరం జిలేబీ తోకలాగా చుట్టు తిరిగి ఉంటుంది, అదొక్కటే వింత. మిగతాదంతా పున్నమి చంద్రుడే. ఆ ఫోటోను రెండు జిల్లాల ట్యాబుల్లో మాదిరిగా పెట్టారు. ఇప్పుడు పొద్దుగూకే వేళ మసక కేసు తగిలిందంటే కొమురెల్లి సారు "మోడల్ కన్ను కొట్టు" అంటాడు. నా ఫోటో ఎక్కిస్తాం. 'ఇదే కన్ను నిన్న కూడా చూశాను కదరా' అని పెట్టెసారు అడగడు. ఆయనకు ప్రతి కన్నూ కొత్తదే. టిక్కు కొడతాడు. ముసలాయన ఖుష్, ఆఫీసు ఖుష్. ఈ లెక్కన జైనూరులో నా కంటితో లోకాన్ని చూస్తున్నవాళ్ళు ఎందరో. నేను చిన్న సైజు దేవుణ్ణి.

ముఖం ముడుచుకోకు పంతులమ్మా. ఎప్పుడన్నా ఒకసారే.

అసలు సంగతి. వచ్చే నెల మన నేతన్నల సంఘం భవనంలో క్యాంపు ఉంది. బాపును పంపు. షుగర్ ఇన్నేండ్లది, ఉన్నది ఒక్క ఎడమ కన్ను. కుడిది గాజుదని ముందే చెప్పమను. మరమగ్గం నడిపేటప్పుడు సాంచె మీంచి నాడె ఎగిరొచ్చి తగిలి కన్ను పోయిన కథ మాత్రం మొదలుపెట్టొద్దను, క్యాంపు తెల్లారిపోతుంది. అక్కడి టెక్నీషియన్ రోజారాణి నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. ప్రణయ్ సార్ బాపునని చెబితే కుర్చీ వేసి చాయ్ పోస్తుంది.

ఇట్లు,
రెండు జిల్లాల కంటి వెలుగు,
నీ తమ్ముడు.


సిరిసిల్ల,
ఆగస్టు, శ్రావణ శుక్రవారం.

తమ్మీ,

నీ ఉత్తరంలో తప్పులు ఎర్ర ఇంకుతో దిద్ది దాచిపెట్టాను. వచ్చినప్పుడు ఒక్కోటి పదిసార్లు రాయాలి. పున్నమి చంద్రుడి దగ్గర బాపు నవ్విన నవ్వుకు పక్కింటి సాంచాల చప్పుడు కూడా వినపడలేదు. అవ్వ మాత్రం నవ్వలేదు. "ఈని కన్ను గంత మంచిదైతే, పదోతరగతిల పుస్తకం ముంగటవెట్టుకోని ఎందుకు కనవడకపోయెనో అడుగు" అన్నది. అడిగాను. జవాబు రాయి.

బాపు క్యాంపుకు పోయి వచ్చాడు. ఇస్త్రీ అంగీ వేసుకొని, పెండ్లికి పోయినట్టు పోయాడు. రోజారాణి నిజంగానే కుర్చీ వేసిందట, చాయ్ పోసిందట. చీకటి మూలలో కూసోబెట్టి ఫోటోలు తీసిందట. "ఎన్నిసార్లు తీసిందో, నా పెండ్లిల గూడ గన్ని ఫోటోలు తియ్యలే" అన్నాడు. ఆఖరికి "అయిపాయె బాపూ, మంచిగున్నయ్" అని చీటీ చేతిలో పెట్టిందట. బాపు అటునుంచి అటే సాంచాల మీదికి పోయాడు.

రాత్రి అన్నం తినేటప్పుడు చీటీ నేను చదివాను. ఎడమ కన్ను: సాధారణం. ఆకుపచ్చ టిక్కు. కుడి కన్ను: సాధారణం. ఆకుపచ్చ టిక్కు.

మళ్ళీ చదివాను. కుడి కన్ను అంటే గాజుది కదా!

ఇంక చూడు. అవ్వకు పొలమారింది. బాపు గాజు కన్ను తీసి అరచేతిలో పెట్టుకొని, "ఏమే, నువ్వు పాసయినవటనే. ఇన్నేండ్లు ఊకెనే కూసుంటివి, ఇగ రేపటిసంది పనికి రా" అని దాంతో మాట్లాడాడు. తెల్లారేసరికి గల్లీ అంతా తెలిసింది. చాయ్ హోటల్లో, "కైలాసం గాజు కన్ను పాసయింది" అని ఒకటే ముచ్చట. సాంచాల సేటు జైపాల్‌రావు కూడా, "మా పాత మోటరు గూడ మీవోనికి చూపియ్యరాదు, పాసైతదేమో" అన్నాడట.

ఇంకొక నవ్వొచ్చే సంగతి. బాపు ఈమధ్య నడిచే సాంచెను ఉట్టిగనే ఆపుతున్నాడు. "నల్ల పోగు జారింది, తెగింది" అంటాడట. చూస్తే ఏ పోగూ తెగి ఉండదు. మొన్న గాలిలో వేళ్ళు పెట్టి ముడి వేయబోయాడని పక్క సాంచె మీది కార్మికుడు వచ్చి చెప్పాడు. "తెగని పోగుకు ముడి ఎందుకేస్తున్నవ్ కైలాసం?" అని సేటు అరిచాడట. నేను దసరా సెలవుల్లో కరీంనగర్ కంటి డాక్టరుకు చూపిద్దామని అనుకున్నాను. ఇప్పుడు రానంటున్నాడు. "చీటీ ఉన్నది గద. గాజుది పాసయినంక అసలుది ఫెయిలైతదా?" అంటున్నాడు.

నేనూ ఊరుకున్నాను. పెట్టెసారు చెప్పినంక పంతులమ్మ చెప్పేదేముంది?

అక్క.


జైనూరు,
ఆగస్టు ఆఖరు, వాన.

గాజు కన్నుకు తోబుట్టువు వరుసయినట్టి అక్కగారికి,

జగత్తులో మొట్టమొదటిసారి గాజుకు పాసు మార్కులు వేయించిన వంశంలో పుట్టినందుకు నా ఛాతీ ఉప్పొంగి అంగీ గుండీ ఊడింది. గాజు కన్నుకు నా శుభాకాంక్షలు చెప్పు. పై చదువులకు ఏ కాలేజీలో వేద్దామో కనుక్కో. చిన్నప్పుడు పుస్తకం ఎందుకు కనపడలేదని అవ్వ అడిగింది కదా, అప్పుడు నా కన్ను ఇంకా ట్రైనింగులో ఉండె అని చెప్పు.

ఒక చిన్న సంగతి. ఆ చీటీ నాకు పంపు. చీటీ కింద రెండు ఫోటోలు గుండ్రంగా, నారింజ రంగులో ఉంటాయి చూడు. అవి సరిగ్గా కనపడేటట్టు, మడత పడకుండా పంపు. ఊరికే. కొమురెల్లి సారుకు చూపించి నవ్వుకోవడానికి.

ఇంకొక చిన్న సంగతి. బాపును కరీంనగర్ తీసుకుపో. చీటీని నేనేమీ అనడం లేదు. చీటీ చీటీనే. కానీ తీసుకుపో. నల్ల పోగుల సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు. సెలవుల దాకా ఆగకు.

మూడో సంగతి ఏమీ లేదు. వాన తెరిపిస్తే గుట్టెక్కి బాపుకు ఫోన్ చేస్తాను.

ఫికర్ చేయకు. నేను కూడా చేయడం లేదు.

ప్రణయ్.


సిరిసిల్ల,
సెప్టెంబర్.

తమ్మీ,

చీటీ ఇందులో పెట్టాను. బాపు ఇవ్వనన్నాడు. "తమ్మి నవ్వుకుంటడట" అంటే, "నవ్వుకున్నంక మళ్ళ పంపమను, జేబుల పెట్టుకోవాలె" అని ఇచ్చాడు.

నీ ఫోన్ సంగతి. గుట్ట మీంచి మాట్లాడావు కదా. నేను బడిలో ఉన్నాను. బాపు నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "తమ్ముడు కరీంనగర్ పో, కరీంనగర్ పో అంటుండు. నేను అడిగిన, చీటీ తప్పాయిందా బిడ్డా అని. తప్పు గాదు బాపూ అన్నడు. ఊకెనే పొయ్యి రమ్మంటుండు అంతే."

మరి తప్పు కానప్పుడు, పండుగ చీరెల ఆర్డరు మీద ఊరంతా రాత్రీ పగలూ నడుస్తుంటే సాంచాలు ఇడిసిపెట్టి ఎవరు పోతారు? నేను రెండుసార్లు బతిమాలాను. మూడోసారి అడిగితే కోపం చేశాడు. "నా కొడుకు మిషినే చెప్పింది. దాని మీద ఇంకో డాక్టర్‌కు పోతే వాని కొలువుకు ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు.

ఇక్కడ అందరం మంచిగున్నాం. బాపు మంచిగున్నాడు. చాయ్ జర కప్పులోకన్నా సాసర్లో ఎక్కువ పోస్తున్నాడు, అంతే. సాంచాలు తగ్గించుకున్నాడు, వయసు కదా. రాత్రిపూట నీ మొదటి ఉత్తరం చదవమంటాడు. ఇప్పటికి నాకు నోటికొచ్చేసింది.

నీ కొలువు పర్మినెంటు కాగితం వచ్చిందా? అవ్వ రోజూ అడుగుతుంది.

ఒకటి చెప్పు తమ్మీ. నవ్వుకోవడానికి చీటీ అడిగినోడివి, ఆ వానలో గుట్టెందుకెక్కినవ్?

అక్క.


జైనూరు,
అక్టోబర్.

అక్కా,

ఇది బాపుకు చదవకు. అవ్వకు కూడా. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చదువు.

చీటీ అందింది. రెండు ఫోటోలూ చూశాను. రెండింటిలోనూ అడుగున ఒక నరం జిలేబీ తోకలాగా చుట్టు తిరిగి ఉంది.

బాపు చీటీలో ఉన్నది నా కన్ను. ఎడమ వైపు నాదే, కుడి వైపు నాదే.

గాజు కన్ను పాసయిందని నువ్వు రాసినప్పుడే అనుమానపడ్డాను. గాజును ఫోటో తీస్తే పెట్టెసారు మసక అనాలి, టిక్కు కొట్టకూడదు. మరి టిక్కు ఎందుకొచ్చిందో నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది? అయినా చీటీ చేతికొచ్చేదాకా కాకపోవచ్చులే అనుకుంటూ కూర్చున్నాను.

ఉట్నూరు పోయి రోజారాణికి ఫోన్ చేశాను. ఆమె భయపడలేదు. నేను మెచ్చుకుంటాననుకుంది. "మీ బాపును నాలుగైదు సార్లు కూసోబెట్టిన సార్. ఎంత తీసినా ఫోటో వస్తలేదు, లోపలంత ఎర్రగ మబ్బు పట్టినట్టున్నది. పాపం, పనికి పోవాలె బిడ్డా అని తొందర చేసిండు. మసక చీటీ ఇస్తే ఆసుపత్రుల పొంటి తిప్పుతరు. మా సార్ బాపుకు ఫెయిల్ చీటీ నా చేతులతోని ఎట్ల ఇయ్యాలె? మోడల్ కన్ను కొట్టిన, రెండు దిక్కుల. కుడిది గాజుదని గూడ సోయి లేకుండె. మీరే గద సార్ నేర్పింది" అన్నది.

మర్యాద చేసింది అక్కా. వేరేవాళ్ళ బాపు అయితే, పొద్దు ఇంకా ఉందని మసక చీటీ ఇచ్చి పంపేదేమో. నా బాపు అని చెప్పుకోబట్టి టిక్కు కొట్టింది. చెప్పుకొమ్మని రాసింది నేనే.

పెట్టెసారు అబద్ధం చెప్పలేదు. ముందర పెట్టిన కన్ను చూశాడు, బాగుందన్నాడు. ఆ కన్ను నిజంగానే బాగుంది.

గుట్టెక్కింది నిజం చెబుదామనే. 'తప్పాయిందా బిడ్డా' అని బాపు అడగగానే నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఆ వారమే పర్మినెంటు కాగితాల మీద సంతకాలన్నారు. అది కూడా ఒక కారణం. నీకు చెప్పకుండా దాచలేను. ఇన్ని రోజులు దాచి, ఇప్పుడు ఈ మాట రాస్తున్నాను చూడు.

ఫోటో రాకపోవడమంటే కెమెరా తప్పు కాదు. ఎర్రగా మబ్బు అంటే లోపల నెత్తురు. ఆ నల్ల పోగులు అవే. బాపు గాలిలో ముడి వేసింది వాటికే.

ఇది అందిన పూటనే తీసుకుపో. నేను సచ్చిపోయేంత జ్వరంలో ఉన్నానని చెప్పు, కరీంనగర్ ఆసుపత్రిలో పడ్డానని చెప్పు, ఏమన్నా చెప్పి బస్సెక్కించు.

ప్రణయ్.


కరీంనగర్,
ఆసుపత్రి వరండా.

ప్రణయ్,

నీ ఉత్తరం పండుగ సెలవుల వల్ల ఆలస్యంగా అందింది. అందిన పూటనే బయల్దేరాం. నీకు జ్వరమని చెప్పాను. బాపు వెంటనే చెప్పులు తొడుక్కున్నాడు. ఎడమ చెప్పు కుడి కాలికి తొడుక్కున్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. వేములవాడ దాటినంక, "గిది ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. గంగాధర దగ్గర మళ్ళీ, "గిదేం ఊరు?" అన్నాడు. చిన్నప్పుడు ఈ తొవ్వలో ప్రతి ఊరి పేరు మనకు చెప్పింది ఆయన.

డాక్టర్ మమతారాణి చాలాసేపు చూసింది. కంటి మీద జెల్లు రాసి స్కానింగ్ చేసింది. బాపును బయట కూర్చోమని నాతో చెప్పింది. "షుగర్ వల్ల లోపల నెత్తురు కారింది. పొరలు కట్టి, అవి లాగి, రెటినా ఊడిపోయింది. ఊడి కూడా చాన్నాళ్ళయింది. ఇప్పుడు ఆపరేషన్ చేసినా వెలుతురో చీకటో తెలిస్తే గొప్ప. శ్రావణంలో వచ్చినా ఏదో ఒకటి ఆపేవాళ్ళం కదమ్మా. ఉన్నది ఒక్క కన్ను అని తెలిసి ఎక్కడా చూపించలేదా?"

చూపించలేదని నేను ఎట్లా అనాలి? తలుపు దగ్గర నిలబడ్డ బాపు విన్నాడు. తడుముకుంటూ లోపలికొచ్చి, జేబులోంచి చీటీ తీశాడు. నువ్వు తిప్పి పంపితివి కదా, అదే. "చూపిచ్చిన మేడం. రెండూ మంచిగున్నయని రాసిండ్రు. మా కొడుకు మిషిన్ ఇది. ఆదిలాబాద్ దిక్కు పెద్ద కొలువు వానిది" అన్నాడు.

ఆమె చీటీ చూసింది. ఫోటోలు చూసింది. బాపు గాజు కన్ను చూసింది. ఆ తర్వాత నా దిక్కు చూసింది. నేను కింద గచ్చు చూశాను. ఆమె చీటీ మడిచి బాపు జేబులోనే పెట్టింది.

ఇప్పుడు నీకు రాయని సంగతులు రాస్తాను. బాపు సాంచాలు తగ్గించుకోలేదు. సేటు పండుగకు ముందే పనిలోంచి తీసేశాడు. ఆ తర్వాత కూడా రోజూ పొద్దున అన్నం గిన్నె పట్టుకొని పోయి, సాంచాల కార్ఖానా బయట అరుగు మీద కూర్చొని, ఆ చప్పుడు వింటూ అక్కడే తిని వచ్చేవాడు. ఒకరోజు మురికి మోరీలో పడ్డాడు. నీ పర్మినెంటు అయ్యేదాకా నీకు రాయొద్దని అవ్వ నాతో ఒట్టు వేయించుకుంది. నువ్వు నీ కొలువు కోసం దాచినవ్, మేమూ నీ కొలువు కోసమే దాచినం. ఆ నెలలో మనలో ఒక్కరు నోరు తెరిచినా సరిపోయేదేమో.

నీకు జ్వరం లేదని దారిలో చెప్పాను. బాపు నవ్వాడు. "నాకు ఎరుకే" అన్నాడు. "వాడు మంచిగనే ఉంటడు."

హర్షిణి.


జైనూరు,
డిసెంబర్.

అక్కా,

కొమురెల్లి సారుకు చెప్పాను. పై ఆఫీసుకు రాతపూర్వకంగా రాశాను. మోడల్ కన్ను ఎట్లా కొడతామో, ఎవరు కొట్టమంటారో, ఎవరు నేర్పారో, అన్నీ. నా పేరు మొదట రాశాను.

విచారణ జరిగింది. రోజారాణిని తీసేశారు. కొమురెల్లి సారును ఆసిఫాబాద్‌కు మార్చారు. నాకేమీ కాలేదు. 'నిజాయితీగా వెల్లడించినందుకు' అని ఒక కాగితం ఇచ్చి, కొత్త బ్యాచికి ట్రైనింగు ఇవ్వమన్నారు. ట్యాబుల్లో మాదిరి ఫోటో అట్లాగే ఉంది. దాని కింద 'శిక్షణకు మాత్రమే' అని కొత్తగా ఒక గీత రాశారు. మసకలు ఎక్కువైతే ఇప్పటికీ పైనుంచి ఫోన్ వస్తుంది. ఇప్పుడు ఆ ఫోన్ నాకు వస్తుంది.

రోజారాణికి ఫోన్ చేశాను. "మంచిగ చేద్దామనే చేసిన గద సార్" అని ఒక్క మాట అని పెట్టేసింది.

ఎవరెవరి చీటీలో నా కన్ను ఉందో ట్యాబులో వెతికితే దొరకదు. పెట్టెసారు ఫోటోలు దాచడు, ఆయన దగ్గర మిగిలేవి టిక్కులే. అందుకని సెలవు రోజుల్లో గూడేలకు పోయి, ఇంటింటికీ చీటీ చూపించమని అడుగుతున్నాను. జిలేబీ తోక ఎక్కడుందో వెతుకుతున్నాను. దొరుకుతోంది. నిన్న ఒక ఇంట్లో వినోద అనే ఆమె, అత్త చీటీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి దూలం సందులో దోపి ఉంటే తీసి చూపించింది. అందులో నా కన్నే. అత్త వాకిట్లో కోడిపిల్లలను చేతితో తడిమి లెక్కపెట్టుకుంటోంది. ఆసుపత్రికి తీసుకుపోతాను, ఈ చీటీ తప్పు అన్నాను. "అప్పుడు మంచిగున్నయని మీరే రాసిస్తిరి. ఇప్పుడు తప్పంటున్నరు. రేపు ఇంకోటంటరు. మీ మాటకు ఠికాణా లేదు గని, చీటీకి ఉన్నది" అని వినోద దాన్ని తిరిగి దూలం సందులో దోపింది.

ఇక్కడ ఒక జోకు రాద్దామని చాలాసేపు కూర్చున్నాను.

బాపుకు నిజం చెప్పాలని ఉంది. ఏమని చెప్పాలో, చెబితే ఎవరికి మేలో తెలియడం లేదు. చెప్పి, తిట్టించుకొని, నా మనసు చల్లబరచుకోవడానికే పోవాలనిపిస్తోందేమోనని భయంగా ఉంది. ఎప్పుడు రమ్మంటావో రాయి.

ప్రణయ్.


సిరిసిల్ల,
జనవరి.

తమ్మీ,

ఎప్పుడు రమ్మంటానని అడిగావు. ముందు ఇంట్లో సంగతి విను.

అవ్వ బీడీల చాట ముందర పెట్టుకొని చుడుతూనే ఉంటుంది. బాపు పక్కన కూర్చొని ఆకు తడిపి ఇస్తాడు. కత్తెర మాత్రం అవ్వ ముట్టనివ్వదు. పొద్దున్నే లేచి గాజు కన్నును నీళ్ళతో కడుక్కుంటాడు. మునుపు ఎట్లా పడితే అట్లా పెట్టుకునేవాడు కదా, ఇప్పుడు మెల్లగా, సక్కగా పెట్టుకుంటాడు. నల్లగుడ్డు పక్కకు పోలేదు కదా అని నన్ను అడుగుతాడు. పోయిందనుకో, మళ్ళీ తీసి పెట్టుకుంటాడు.

డాక్టరమ్మ చెప్పింది ఆయన నమ్మలేదు. మొదట్లో నన్ను బాధపెట్టొద్దని అట్లా అంటున్నాడనుకున్నాను. కాదు. నిజంగానే నమ్మలేదు. "గది మబ్బు. వానకాలం మబ్బు ఎన్నిరోజులుంటది? ఇడిసిపోతది" అంటాడు. చాయ్ హోటల్ వాళ్ళు ఇప్పుడు గాజు కన్ను ముచ్చట తీయడం లేదు. బాపే తీస్తాడు. జేబులోంచి చీటీ తీసి, టిక్కు ఎక్కడుందో వేలితో తడిమి చూపిస్తాడు. ఒక్కోసారి కాగితం తలకిందులుగా పట్టుకుంటాడు. వాళ్ళు తిప్పి పట్టుకొని, "అవ్ కైలాసం, ఉన్నది ఉన్నది" అంటారు.

రాత్రి నీ మొదటి ఉత్తరం చదవమంటాడు. రోజూ. పున్నమి చంద్రుడి దగ్గర నేను ఆగాలి, ఆయన నవ్వాలి. మోడల్ కన్ను కొట్టే పేరా మాత్రం ఇప్పుడు నేను వదిలేసి చదువుతున్నాను. మొన్న అక్కడే ఆపి, "మధ్యల ఒక ముచ్చట ఇడిసిపెట్టినవ్ బిడ్డా" అన్నాడు. ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు. ఉత్తరమంతా ఆయనకు కూడా నోటికి వచ్చేసి ఉంటుంది.

నిన్న, "తమ్మికి రాయి" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"బిడ్డా ప్రణయ్, జర సెలవు పెట్టుకోని రా. వచ్చేటప్పుడు నీ పెట్టెసారును పట్టుకరా. సంఘం కాడ గా పొల్ల తొందరల తీసింది, నేనే తొందర చేసిన. ఇప్పుడు నాకు పనేం లేదు. ఎంతసేపంటే అంతసేపు కూసుంట. కన్ను కొట్టకుండ కూసుంట. నువ్వే నీ చేతులతోని తియ్యి. అప్పుడు పాసయిన కన్ను, ఇప్పుడెందుకు పాసుగాదు?"

రాసినంక, "రాసినవా? ఏదీ, సదువు" అన్నాడు. చదివాను. "అంతే, ఒక్క ముక్క ఇడిసిపెట్టకు" అన్నాడు.

అందుకని రా తమ్మీ. పెట్టెను కూడా తీసుకొని రా. బాపును కుర్చీలో కూర్చోబెట్టి, లైటు తీసేసినంక, ఎవరి కన్ను పెడతావో మాత్రం దారిలోనే ఆలోచించుకొని రా. ఆ చీటీ చదవాల్సింది నేనే.

అక్క.